జాషువా వాయించిన తిరుగుదారి

జాషువా పై పళ్లు ఊగుతున్నాయన్న సంగతి రామచంద్రపురం మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు పళ్ల డాక్టరు క్రిస్టినా గారు, రెండోది జాషువా పెళ్లాం వీరమ్మ. డాక్టరుగారు ఎవరి నోటి సంగతి వాళ్ల నోట్లోనే ఉంచే మనిషి. వీరమ్మ కూడా చెప్పే రకం కాదు. అయినా ఆవిడ పక్కింటివాళ్లతో నవ్వుతూ మాట్లాడుతోందంటే చాలు, జాషువా గుండె గుభేలుమనేది.

అరవై దాటినవాడికి పళ్లు ఊగక గోడలు ఊగుతాయా, దానికింత కంగారెందుకు అంటారేమో. మామూలు మనిషికైతే నిజమే. జాషువా బ్యాండు మేళంలో శాక్సఫోన్ వాయిస్తాడు. చూసేవాళ్లకి ఆ వాయిద్యం మెడపట్టీకి వేలాడుతున్నట్టు, చేతుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి దాన్ని పట్టుకునేది నోరు. పై పళ్లు మౌత్‌పీస్ మీద గట్టిగా ఆనాలి. కింది పెదవి రీడు అనే పలచటి రెల్లు రేకు కింద మెత్తగా పరుచుకోవాలి. ఆ రెండింటి మధ్య నుంచి ఊపిరి పోవాలి. పన్ను కదిలిందంటే స్వరం కదిలిపోతుంది, దానికి వేరే మందు లేదు.

"చిగురు కింద ఎముకంతా తినేసిందండి. ముందు పళ్లన్నీ తియ్యాల్సిందే. ఇప్పటికే చీము పట్టింది, ఆలస్యం చేస్తే దవడకి పాకుద్ది," అన్నారు డాక్టరుగారు.

"తీసేసి పళ్లు కట్టించుకుంటే మళ్లీ వాయించొచ్చాండీ?"

అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు. "కొంతమందికి కుదురుద్దంటారండి. నేనైతే మాటివ్వలేను."

కుదరనివాడిని జాషువా రోజూ చూస్తూనే ఉన్నాడు. అదే మేళంలో క్లారినెట్ వాయించిన త్రిమూర్తులు పళ్లు కట్టించుకున్నాక ఒక్క పెళ్లికి వాయించాడు. ఊరేగింపు మధ్యలో పళ్లసెట్టు జారి క్లారినెట్‌కి అడ్డంపడితే వీధంతా నవ్వింది. ఆ క్లారినెట్ ఇప్పుడు అటక మీద ఉంది. మనిషి మాత్రం మేళం వెనకాలే నడుస్తూ, అందరికీ సలహాలు చెబుతూ తిరుగుతుంటాడు.

"సోమవారం తియ్యండి మేడం. శనివారం దాకా నన్నొదిలెయ్యండి, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు జాషువా.

శనివారం సాయంత్రం రికార్డింగు. ఆ ముక్క డాక్టరుగారికి కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ వద్దంటారేమోనని భయం.

ఈ రికార్డింగు కథ తెలియాలంటే ముందు జాషువా కథ కొంచెం తెలియాలి. తండ్రి ఏసురాజు వరిచేలల్లో కూలీ. కొడుకు ఊపిరి గట్టిదని, గుడిసెలో కూర్చుని కూనిరాగం తీస్తే గట్టు మీదికి వినపడుతుందని మురిసిపోయి, చేలోకి పంపకుండా బుల్లియ్య మాస్టారి మేళంలో చేర్చాడు. చేర్చిన కొత్తలో వాయిద్యం ఎవరిస్తారు? పెళ్లి ఊరేగింపుల్లో గ్యాసులైటు నెత్తిన పెట్టుకుని నడవడమే పని. ఆ నడకలోనే పాటలన్నీ చెవిలో పడ్డాయి. తర్వాత క్లారినెట్, ఆ తర్వాత కాకినాడలో పోలీసు బ్యాండు నుంచి రిటైరైన ఒకాయన దగ్గర మాస్టారు కొన్న పాత శాక్సఫోన్. అది జాషువా నోటికి ఎలా అతుక్కుందో గానీ, మాస్టారు మళ్లీ దాన్ని వెనక్కి అడగలేదు. వీరమ్మతో పెళ్లినాడు శాక్సఫోన్ వాయించడానికి వేరేవాడు దొరక్క తన ఊరేగింపులో తనే వాయించుకున్నాడు. పెళ్లికొడుకు కారు దిగి మేళంలో నడుస్తుంటే, కారులో పెళ్లికూతురు ఒక్కతీ ముసిముసిగా నవ్వుకుంటూ కూర్చుందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంతకాలం వాయించాడు గదా, వినడానికి ఆ వాయింపు ఎక్కడైనా ఉందా అంటే లేదు. ఈ డెల్టాలో ఏ ఇంట్లో పెళ్లి వీడియో తీసినా ఎర్రకోటు తొడుక్కుని, బుగ్గలు పొంగించి, కళ్లు మూసుకుని వాయిస్తున్న జాషువా కనిపిస్తాడు. వినిపించేది మాత్రం సినిమా పాట. వీడియో కుర్రాళ్లు బ్యాండు మోత తీసేసి పైన సినిమా పాట వేసేస్తారు, అదే అందమని వాళ్ల నమ్మకం. సెల్‌ఫోన్లొచ్చాక తీసినవాళ్లూ ఉన్నారు గానీ, వాటిలో డ్రమ్ముల మోత, బాణాసంచా, వాళ్ల కేకలు తప్ప ఏమీ ఉండవు. తన శాక్సఫోన్ బయటినుంచి వింటే ఎలా ఉంటుందో జాషువాకే తెలియదు. కూతురు ఆశాజ్యోతి ఒకసారి, "నాన్నా, నీ పాట ఒక్కటైనా లేదు నా దగ్గర," అంటే నవ్వేసి ఊరుకున్నాడు. ఆ మాట మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

కిందటేడు అప్పాజీ మాస్టారు పోయారు. బాప్టిస్టు చర్చిలో పెద్దమనిషి, ఊళ్లో సగం మందికి లెక్కలు చెప్పినాయన. శవపెట్టె వెనకాల జనం కిటకిటలాడుతూ సమాధుల తోటకి బయల్దేరారు. కాలవ వంతెన మీదికి వచ్చేసరికి అటునుంచి వరికోత మిషను, ఇటునుంచి బస్సు ఒకదానికొకటి ఎదురుపడి ఇరుక్కున్నాయి. పెట్టె ఆగింది. మేళం ఆగకూడదు. కీర్తన ఎంతసేపుంటుంది? జాషువా ఆ కీర్తన చివర పట్టుకుని సాగదీశాడు. తిప్పి వాయించాడు, కిందకి దింపాడు, మళ్లీ పైకెత్తి ఎక్కడికో తీసుకెళ్లాడు. ట్రాఫిక్ విడిపోయేదాకా ఒకసారి వాయించింది రెండోసారి వాయించలేదు.

పెట్టె పక్కన నడుస్తున్న అప్పాజీ మాస్టారి మేనల్లుడు యుగంధర్ ఏడవడం మానేసి జాషువా మొహం చూస్తూ నిలబడ్డాడు. అతను చెన్నైలో సౌండు రికార్డింగు పని చేస్తాడు. కార్యక్రమం అయిపోయాక వెతుక్కుంటూ వచ్చాడు.

"జాషువా గారూ, మీరు జాజ్ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"జాజా? అదేంటి బాబూ? వంతెన మీద మిషను అడ్డమొచ్చింది, అందుకని సాగదీశాను. మీకేమన్నా తప్పనిపించిందాండీ?"

యుగంధర్ ఫోన్లో ఎక్కడో అమెరికా హోటల్లో జనం మధ్య తీసిన జాజ్ రికార్డింగు ఒకటి పెట్టి వినిపించాడు. గ్లాసుల చప్పుడు, ఎవరో దగ్గడం, వాటి మధ్య ఒక శాక్సఫోన్ అలా పోతూనే ఉంది. జాషువా చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నాడు. "ఆయ్, బాగుందండి. పాపం వీళ్లకీ ఎక్కడో లారీ అడ్డమొచ్చినట్టుంది," అన్నాడు. యుగంధర్ చావింటి ముందు నిలబడి నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

అదిగో, అలా మొదలైంది. చర్చి వెనక పాత బడి హాల్లో జనాన్ని కూర్చోబెట్టి, అతుకులూ దిద్దుళ్లూ లేకుండా ఒక్కబిగిని రికార్డు చేద్దామన్నాడు యుగంధర్. డ్రమ్స్‌కి తన స్నేహితుడు దుర్గాసాయిని, బేస్ గిటారుకి ఇంకొకాయన్ని తెస్తానన్నాడు. వాళ్ల ముగ్గురికీ ఖాళీ కుదిరేసరికి ఏడాది తిరిగింది. ఆ శనివారం దాటితే మళ్లీ ఎప్పటికోనని ముందే చెప్పాడు. జాషువాకి అది ఎప్పటికో కాదు, ఎప్పటికీ కాదు. పళ్ల సంగతి తెలిస్తే యుగంధర్ మంచితనం కొద్దీ, "ముందు మీ ఆరోగ్యం చూసుకోండి, తర్వాత చేద్దాం," అనేస్తాడు. ఆ మంచితనానికే జాషువా హడలిపోయాడు.

వారం రోజులుగా మనిషి మనిషిలా లేడు. అన్నం నమలడం మానేసి గంజి తాగుతున్నాడు. ఇంట్లో సాధన చేస్తే పళ్లు అరిగిపోతాయన్నట్టు వాయిద్యం ముట్టుకోవడం లేదు. ముట్టుకోకపోతే వేళ్లు మొద్దుబారతాయని మళ్లీ భయం, అందుకని నోట్లో పెట్టుకోకుండా వట్టి మీటలు నొక్కుతూ కూర్చున్నాడు. నాలుకతో పన్ను తడిమి చూసుకోవడం ఒక రోగంలా పట్టుకుంది. తడిమినకొద్దీ ఇంకా ఊగుతున్నట్టే ఉంది.

"అస్తమానూ దాన్ని కదపకయ్యా. నువ్వే ఊడగొట్టుకునేలా ఉన్నావు," అని కసిరింది వీరమ్మ. అంగన్‌వాడీలో పిల్లల్ని చూసీ చూసీ ఆవిడకి మొగుడితో కూడా ఆ ధోరణే వచ్చేసింది.

"నీకేం తెలుసే నా బాధ?"

"తెలీకపోతే ఈ వారం నుంచి ఉప్పునీళ్లు ఎవరు కాస్తున్నారు? యుగంధర్ బాబుతో ఉన్నమాట చెప్పెయ్యి. చెబితే ఏమవుద్ది?"

"ఏమవుద్దా? ఏమీ అవదు. అదే నా భయం. ఏమీ అవకుండానే అయిపోద్ది."

వీరమ్మ వంటింట్లోకి వెళ్లింది. గంజి గ్లాసు తెచ్చి ముందు పెట్టి, అక్కడే కూర్చుంది.

శనివారం వచ్చింది. పొద్దుటినుంచీ మబ్బు. ఆ హాలు పైకప్పు సగం పెంకు, సగం రేకు. వాన పడిందంటే రేకుల మోతలో శాక్సఫోన్ కాదు గదా, పిడుగు పడినా వినపడదు. జాషువా మధ్యాహ్నం నుంచీ వీధిలో నిలబడి ఆకాశం చూస్తూనే ఉన్నాడు. ప్రార్థన చేద్దామనుకున్నాడు గానీ, పళ్ల కోసం చెయ్యాలా, వాన కోసం చెయ్యాలా తేల్చుకోలేకపోయాడు. చివరికి రెండూ కలిపే అడిగాడు.

సాయంత్రానికి వాన పడకుండానే మబ్బు విడింది. హాల్లోకి అడుగుపెట్టేసరికి మైకులు, వైర్లు, మూలన కంప్యూటరు ముందు చెవులకి హెడ్‌ఫోన్లతో యుగంధర్. మేళం వాళ్లంతా పెళ్లాం పిల్లలతో వచ్చేశారు. చర్చి ఆడవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ల మధ్య వీరమ్మ. మోత వస్తుందని ఫ్యాన్లు ఆపించేశాడు యుగంధర్. చప్పట్లు కొట్టొద్దని, దగ్గొద్దని, ఫోన్లు ఆపెయ్యమని పదేపదే చెప్పాడు. కుర్చీలో కదిలితే పళ్లసెట్టు టకటకమంటుందని త్రిమూర్తులు దాన్ని తీసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఏరా జాషువా, మొహం అలా పాలిపోయిందేంటి?" అన్నాడు బోసినోటితో.

"ఏం లేదు మావా. ఉక్కగా ఉంది."

ఆ బోసినోరు చూడలేక జాషువా మైకుల వైపు తిరిగాడు.

"యుగంధర్ బాబూ, ఎంతసేపు వాయించాలండి?"

"మీ ఇష్టం జాషువా గారూ. మొదట చిన్నదొకటి వాయించండి, మైకులు చూసుకుంటాను. తర్వాత ఆ రోజు వంతెన మీద వాయించారే, ఆ కీర్తన పట్టుకోండి. మీ ఇష్టమొచ్చినంతసేపు. మా వాళ్లిద్దరూ మీ వెనకాలే వస్తారు. మేమెవరం అడ్డు రాం."

చిన్న పాట గండం గడిచింది. పన్ను సలిపింది గానీ నిలబడింది. యుగంధర్ బొటనవేలు చూపించాడు. జాషువా రీడు తడి చేసుకుని, పెదవి సర్దుకుని, కీర్తన ఎత్తుకున్నాడు.

సాగదీయడానికి జాషువాకి ఒక పద్ధతి ఉంది. కళ్లు మూసుకుని మనసులో ఊరేగింపు నడిపిస్తాడు. చర్చి గేటు దగ్గర మొదలెడతాడు. మార్కెట్టు మలుపులో గోల కాబట్టి అక్కడ స్వరం పెంచుతాడు. రైసుమిల్లు గోడ పక్కన నీడ, అక్కడ తగ్గిస్తాడు. వంతెన ఎక్కేటప్పుడు ఊపిరి పట్టి పైకెత్తుతాడు. దిగి, కొబ్బరితోటల మధ్య మట్టిరోడ్డు మీద మెల్లగా తీసుకెళ్లి సమాధుల తోట గేటు దగ్గర దింపుతాడు. ఈసారీ అలాగే బయల్దేరాడు. దుర్గాసాయి డ్రమ్ము మీద చీపురు పుల్లల్లాంటి బ్రష్షులతో రాస్తూ మెత్తగా అడుగులు వేశాడు. బేస్ గిటారు ఆయన పెట్టె మోసేవాళ్లలా బరువుగా వెనకే నడిచాడు. వీధుల్లో వాయించినంతకాలం ఇంత నిశ్శబ్దంలో జాషువా వాయించి ఎరగడు. తన స్వరం చివర్న ఉన్న జీర తనకే వినపడింది. అంత భయంలోనూ ఒక్క క్షణం సంతోషం వేసింది.

సమాధుల తోట గేటు వచ్చింది. కీర్తన చివరి చరణం తిప్పి తిప్పి వాయించాడు. కళ్లు తెరిచి చూశాడు. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బ్యాండు మేళంలో వాయించేవాడు తనంతట తను ఆపడు. పెళ్లయితే పెళ్లికొడుకు మేనమామో, బాబాయో చెయ్యెత్తాలి. చావైతే పెట్టె దించాక పెద్దమనిషి చెయ్యెత్తాలి. చెయ్యి లేస్తే ఎక్కడున్న స్వరాన్ని అక్కడ తుంచెయ్యాలి, చరణం మధ్యలో ఉన్నా సరే. చెయ్యి లేవకుండా ఆపడం అంటే ఆ ఇంటివాళ్లని అవమానించినట్టే. చిన్నప్పుడు ఒకసారి పెట్టె దింపకముందే క్లారినెట్ ఆపినందుకు బుల్లియ్య మాస్టారు అందరిముందూ చెంప పగలగొట్టారు. ఆ దెబ్బతో అది ఒంట్లోకి ఇంకిపోయింది. అప్పటినుంచీ ఈనాటివరకూ జాషువా తన పాట తను ముగించిన పాపాన పోలేదు. ఎవరో ఒకరి చెయ్యి లేచేది, ఆగేవాడు.

ఈ సంగతి యుగంధర్‌కి ఎవరు చెబుతారు? జాషువాకి చెప్పాలని తోచలేదు, చెప్పేంత విషయమని తెలియదు. మీ ఇష్టం అని యుగంధర్ అన్నప్పుడు, సరే, అయిపోయాక చెయ్యెత్తుతాడులే అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఆ మహానుభావుడు హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి అదుముకుని, కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. దుర్గాసాయి వైపు చూస్తే అతను జాషువా వైపే చూస్తున్నాడు, ఎటు తీసుకెళ్తే అటొస్తానన్నట్టు. ఆపెయ్యొచ్చు గదా అంటే, వేళ్లు మాట వినలేదు. తప్పుచోట ఆపితే రికార్డింగు పాడవుతుందేమో, మళ్లీ మొదటినుంచీ అంటారేమో, మళ్లీ వాయించడానికి పళ్లుంటాయో లేదో. అన్నీ కలిసి ఒక్కసారి మీద పడ్డాయి. చెమట కళ్లలోకి కారింది.

గేటు దగ్గరే చుట్టూ తిరిగాడు. కిందకీ పైకీ, పైకీ కిందకీ. పన్ను మెల్లగా లోపలికి వాలడం తెలుస్తోంది. నోట్లో ఉప్పగా తగిలింది. రక్తమని తెలిసింది.

వీరమ్మ వైపు చూశాడు. ఆవిడకి తెలుసు. ఇన్ని చావుల్లో చర్చి ఆడవాళ్లతో కలిసి పెట్టె వెనకాల నడిచిన మనిషి, చెయ్యెప్పుడు లేస్తుందో, మొగుడెప్పుడు ఆగుతాడో ఎన్నిసార్లో చూసింది. నోటితో చెప్పే వీలు లేదు కాబట్టి కళ్లతో బతిమాలాడు. చెయ్యెత్తవే, ఒక్కసారి ఎత్తవే తల్లీ. వీరమ్మ అతని కళ్లలోకి సూటిగా చూసింది. చూసి, రెండు చేతులూ పైట కిందకి దూర్చుకుంది.

జాషువాకి ఒళ్లు మండిపోయింది. ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపమంతా శాక్సఫోన్లోంచి వచ్చింది. గొంతు చించుకున్నట్టు ఒక కేక పుట్టింది. ముందు వరసలో ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. దుర్గాసాయి చేతిలో చీపురు పుల్లలు పక్కన పడేసి కర్రలు అందుకున్నాడు. జాషువా తిట్టాడు. వీరమ్మని తిట్టాడు, కళ్లు మూసుకున్న యుగంధర్‌ని తిట్టాడు, చెంప పగలగొట్టిన మాస్టారిని తిట్టాడు, వీడియో కుర్రాళ్లని తిట్టాడు. నోరు విప్పి ఒక్కరినీ తిట్టని మనిషి, అన్నీ ఊదాడు. ఆ ఊదడంలోనే పన్ను మడతపడి లోపలికి వాలిపోయింది. మౌత్‌పీస్ మీద ఆనడానికి గట్టి పన్నొక్కటీ లేదు.

అయిపోయిందనుకున్నాడు. ఆలోచించే తీరిక లేదు, పై పెదవిని లోపలికి మడిచి దాన్నే మౌత్‌పీస్ మీద ఆనించి ఊదాడు. స్వరం వచ్చింది. పళ్లతో వచ్చే స్వరం కాదు. సన్నగా, గాలి ఎక్కువగా, జ్వరం వచ్చిన మనిషి మాట్లాడినట్టు వచ్చింది. గట్టిగా ఊదితే పోతుంది. కోపంగా ఊదడానికి వీల్లేదు. ఇక గేటు దగ్గర నిలబడనూ లేడు. ఎటు వెళ్లాలి?

వెనక్కి.

సమాధుల తోట నుంచి వెనక్కి వచ్చేటప్పుడు ఏ మేళమూ వాయించదు. వెళ్లేటప్పుడే పాట. వచ్చేటప్పుడు వాయిద్యాలు సంచుల్లో పెట్టుకుని, టీ తాగి, చెప్పుల్లో మట్టి దులుపుకుంటూ ఎవరిదారిన వాళ్లు ఇంటికి పోతారు. బతుకులో ఎన్నోసార్లు నడిచిన దారే. అందులో ఏ పాటుంటుందో జాషువాకి తెలియదు. తెలియని దారిలో మెల్లగా అడుగేశాడు. కొబ్బరితోటలు దాటాడు. వంతెన మీద ఈసారి ఎవరూ అడ్డురాలేదు, కాసేపు ఆగి కాలవలోకి చూసినట్టు ఒకే స్వరం మీద నిలబడ్డాడు. మిల్లు గోడ పక్కన తవుడు వాసన గుర్తొచ్చింది. మార్కెట్టు దగ్గర పిల్లలకి జంతికలు కొన్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. దుర్గాసాయి కర్రలు పక్కన పెట్టేసి ఊరికే కూర్చున్నాడు. బేస్ గిటారు ఆయన ఎప్పుడో ఒక తీగ మీటి వదిలేస్తున్నాడు. కీర్తన ఎక్కడుందో, అసలుందో లేదో కూడా తెలియలేదు. భయం పోలేదు. ప్రతి ఊపిరికీ ఇదే ఆఖరేమోనన్న భయం ఉంటూనే ఉంది. దాన్ని కూడా వెంటబెట్టుకునే నడిచాడు.

మనసులో తన వీధి మలుపు తిరిగాడు. తన ఇంటి ముందుకి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచాడు. మనిషి తన ఇంట్లోకి వెళ్లడానికి ఎవరి చెయ్యి లేవాలి? ఉన్న ఊపిరి ఉన్నంతవరకూ ఒక స్వరం పట్టి, అది అయిపోతే మళ్లీ ఊపిరి తీసుకోలేదు. మౌత్‌పీస్ నోట్లోంచి తీశాడు.

యుగంధర్ హెడ్‌ఫోన్లు తీసి లేచి నిలబడ్డాడు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి. "వచ్చింది జాషువా గారూ. మొత్తం వచ్చింది," అన్నాడు. అప్పుడు గాని జనానికి చప్పట్లు గుర్తురాలేదు. త్రిమూర్తులు లేచి నిలబడి బోసినోటితో ఈల వెయ్యబోయి, రాక, చేతులు పైకెత్తి ఊపాడు.

జాషువా అవేమీ వినిపించుకోకుండా పక్క తలుపులోంచి బయటికెళ్లి పంపు దగ్గర కూర్చున్నాడు. పుక్కిలిస్తే ఎర్రగా వచ్చింది. అరచేతిలోకి పన్ను కూడా వచ్చింది. వీరమ్మ వెనకాలే వచ్చి చెంబుతో నీళ్లు పట్టింది.

"నువ్వసలు ఆడదానివేనా?" అన్నాడు జాషువా. మాట గాలిలా వచ్చింది. "అంతలా చూస్తుంటే చెయ్యెత్తితే నీ సొమ్మేం పోయేది? చచ్చిపోతాననుకున్నాను లోపల."

వీరమ్మ చెంబు గట్టు మీద పెట్టింది.

"ఎత్తుదామనే అనుకున్నానయ్యా. నీ మొహం చూసి నా ప్రాణం పోయింది. చెయ్యి లేవబోయింది కూడా. దాన్ని పట్టుకోవడానికే రెండో చెయ్యి కావాల్సొచ్చింది."

"ఏం? ఎందుకు?"

"ఎత్తితే ఆపేస్తావు. ఇవాళ ఆపితే ఇంకెప్పుడయ్యా వాయిస్తావు? ఎవరెవరో ఎత్తేరు ఇన్నాళ్లూ, నువ్వు ఆపేవు. ఆఖరు పాటకి కూడా ఆ చెయ్యి నాదే అవ్వాలా? నా చేత్తో నేనెలా ఆపమననయ్యా?"

జాషువా పుక్కిలించడం మర్చిపోయి పన్నుని గుప్పిట్లో బిగించాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు. వీరమ్మ వచ్చి పక్కన తడి గచ్చు మీదే చతికిలబడింది. లోపలినుంచి యుగంధర్, "జాషువా గారూ, విందురుగాని రండి," అని పిలుస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.